నూరు రూపాయల నాణేనికి నాలుగు వేలు: పెట్టెమీద లెక్క రాయండి

సంపాదకులకు,

శతజయంతులకూ ఉత్సవాలకూ కేంద్రం విడుదల చేసే స్మారక నాణేలు ఈమధ్య నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో కూడా బాగానే చేతులు మారుతున్నాయి. టంకశాల ధర ఒకటైతే ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పే ధర ఇంకొకటి. ఎగ్జిబిషన్ స్టాలులో అడిగినా, వాట్సాప్ గ్రూపులో అడిగినా వినపడేది మాత్రం ఒకే పాట: "ఇప్పుడు తీసి పెట్టుకోండి సార్, పదేళ్లు పోతే లక్షలు పలుకుద్ది." ఆ మాట నమ్మి పెన్షన్ డబ్బులు పెట్టినవాళ్లు మా కావలిలోనే ఉన్నారు.

ముఖవిలువకు మించి టంకశాల తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేసిన నాణెమే చూడండి. మీద అచ్చయిన విలువ నూరు రూపాయలు. ప్యాకింగ్‌ను బట్టి నాలుగు వేల పైచిలుకు పెట్టి కొన్నారు జనం. బరువు 35 గ్రాములు, అందులో సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. అప్పట్లో కిలో వెండి డెబ్భై అయిదు వేలకు అటూ ఇటూగా ఉంది కాబట్టి ఒక్క వెండికే పదమూడు వందలు అయిపోయింది. దాన్ని నూరు రూపాయలకు ఇవ్వమనడం అన్యాయం. మిగతాది పనితనానికి, పెట్టెకు, టంకశాల లాభానికి. అభిమానంతో కొన్నవాళ్లు ఆ డబ్బుకు తగిన సంతోషం పొందారు. అభిమానానికి రేటు కట్టే పని నాది కాదు.

నా గొడవల్లా పెట్టుబడి అని చెప్పి అంటగట్టే వాళ్లతోనే. ఆ తర్వాత వెండి ధర రెట్టింపు దాటింది కదా, నాణెం ధరా పెరిగినట్టే కదా అంటారు. పెరిగింది వెండి. వెండే కావాలనుకుంటే అదే డబ్బుకు ఆ రోజు బజారులో మూడింతల మేలిమి వెండి వచ్చేది. పైగా 2011 నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం నేరం. కాబట్టి అందులోని వెండిని బయటికి తీసే దారి లేదు. ఇంకో సేకర్త దొరికితేనే అమ్ముడుపోయేది, అది కూడా అతను చెప్పిన ధరకే. అమ్మేటప్పుడు లక్షల కథ చెప్పిన మనిషి దగ్గరికే తిరిగి తీసుకెళ్లి, ఎంతకు కొంటావో అడిగి చూడండి.

నాణేనికి విలువ పెంచేది కొరత. ఆ కొరత ఎట్లా వస్తుందో మన నెల్లూరు నేలే ఒకసారి చూపించింది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే పాత గుడి శిథిలం, దాని కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. కొన్నయితే నిన్న మొన్న టంకశాలలోంచి వచ్చినట్టు మెరుస్తున్నాయని, వాటిలోంచి రెండు ఏరుకున్న మద్రాసు గవర్నరు డేవిడ్‌సన్ రాసిపెట్టాడు. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా భాగం కొలిమిలోకి పోయి ఉంటాయి. నవాబు మనుషులు తిరిగి సంపాదించినవి ముప్ఫై పైచిలుకు మాత్రమే. పోగా మిగిలినవి కాబట్టే వాటికంత గిరాకీ.

ఇప్పటి స్మారక నాణేలలో పోయేవి ఏవి? కొన్న ప్రతివాడూ చెయ్యి తగలకుండా పెట్టెలోనే బీరువాలో పెడుతున్నాడు. వందేళ్లయినా కొట్టినవన్నీ కొట్టినట్టే ఉంటాయి. పైగా టంకశాల గడువు పెట్టి బుకింగులు తీసుకుని, ఆర్డర్లను బట్టి నాణేలు కొడుతుంది. ఎన్టీఆర్ నాణేనికి కూడా మొదట 12 వేల నాణేలే అన్నారు, గిరాకీ చూసి మళ్లీ కొట్టారు. స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణెం 1964లో వచ్చిన నెహ్రూ రూపాయి. అరవై ఏళ్లు దాటినా అది సేకర్తల దగ్గర ఇప్పటికీ చవగ్గానే దొరుకుతోంది. ఎందుకంటే లెక్కలేనన్ని కొట్టారు, జనం లెక్కలేనన్ని దాచుకున్నారు.

ఇంకో తమాషా కూడా ఉంది. నూరు రూపాయల నాణేనికి వేలు పోసే ఊళ్లోనే పది రూపాయల నాణెం ఇస్తే కూరగాయల బండి దగ్గర, ఆటోలో వద్దంటారు. పది రూపాయల నాణేలు అప్పటికి 14 రకాలున్నాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ప్రభుత్వం చెల్లుతుందన్నది చెల్లదట, ఎవడో లక్షలవుతుందన్నది అవుతుందట! వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నాణేనికి లక్షలిస్తామంటూ తిరిగే వీడియోలూ ఈ బాపతే. వాటిలో ఫోను చేసినవాళ్లను ముందు కమీషను, ట్యాక్సు కట్టమంటారు. తన పేరు చెప్పి ఇట్లా వసూలు చేస్తున్నారని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అయిదు రూపాయల స్మారక స్టాంపును మేము అయిదు రూపాయలకే అమ్మాం. డిపాజిట్ ఖాతా తెరిచినవాళ్లకు కొత్త స్టాంపులు పోస్టులో ఇంటికే వెళ్తాయి. నాణేనికి ముఖవిలువే తీసుకోవడం కుదరదని పైనే చెప్పాను, కానీ ఇంటికి చేర్చే ఆ పద్ధతి కుదురుతుంది కదా. హైదరాబాదు వెళ్లి టంకశాల కౌంటరు దగ్గర నిలబడలేక, ఆన్‌లైన్ బుకింగు చెయ్యడం రాక మన పెద్దవాళ్లు మధ్యవర్తికి అదనంగా వెయ్యో రెండు వేలో సమర్పించుకుంటున్నారు. నెల్లూరు, ఒంగోలు హెడ్ పోస్టాఫీసుల్లో టంకశాల ధరకే బుకింగు తీసుకుంటే ఈ బ్లాకు వ్యాపారానికి సగం దెబ్బ పడుతుంది.

మిగతా సగానికి పెట్టె చాలు. పప్పు ప్యాకెట్టు మీద కూడా బరువు, ధర అచ్చేసి ఉండాలని చట్టం ఉన్న దేశం ఇది. ముఖవిలువ ఎంత, వెండి ఎన్ని గ్రాములు, టంకశాల ధర ఎంత, ఈ మూడింటినీ స్మారక నాణెం పెట్టెమీద పెద్ద అక్షరాలతో, తెలుగువాళ్ల నాణెమైతే తెలుగులో కూడా అచ్చువెయ్యాలి. బుకింగు గడువు ముగిశాక మొత్తం ఎన్ని కొట్టారో ప్రకటించాలి, ఆ సంఖ్య తేలాక ఇక కొట్టకూడదు. మన జిల్లాల ఎంపీలు ఈ విషయం ఆర్థిక శాఖకు రాస్తే బాగుంటుంది. తర్వాతి నాణేనికి బుకింగులు మొదలుకాక ముందే రాస్తే ఇంకా బాగుంటుంది.

— విశ్రాంత తపాలా ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా