జో గ్రీన్‌కు దక్కని హెడ్ కోచ్ పదవి

సంపాదకులు గారికి,

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లలో హెడ్ కోచ్‌ల నియామకంపై చర్చ వచ్చినప్పుడల్లా నల్లజాతి కోచ్‌లు ఎందరున్నారన్న లెక్క దగ్గరే మాట ఆగిపోతోంది. వారు ఏ మెట్టు మీద నిలిచిపోతున్నారో తెలియాలంటే, మా డెంటన్‌లోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి 1969లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు వెళ్లిన నల్లజాతి డిఫెన్సివ్ టాకిల్ (రక్షణ ముందు వరుస నడుమ ఆడే ఆటగాడు) జో గ్రీన్ ప్రస్థానాన్ని గమనించాలి.

గ్రీన్‌ది కేవలం కండబలం కాదు. 1974 నుంచి ఆయన ప్రత్యర్థికి సూటిగా కాకుండా, ఎదుటి వరుసలో నడుమ నిలిచే సెంటర్‌కూ పక్కనుండే గార్డ్‌కూ మధ్యనున్న సందులోకి ఏటవాలుగా తిరిగి, చెయ్యి నేలకానించి వంగి నిలిచేవారు. బంతి కదిలిన మరుక్షణం ఆ ఇద్దరికీ ఆయన్ను ఆపడంతోనే సరిపోయేది. గ్రీన్ వెనుక నిలిచే స్టీలర్స్ డిఫెండర్‌ను, అంటే లైన్‌బ్యాకర్‌ను, అడ్డుకోవడానికి మనిషి మిగిలేవాడు కాదు. 1975 జనవరిలో స్టీలర్స్‌తో జరిగిన సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్) మిన్నెసోటా వైకింగ్స్ జట్టు బంతితో పరుగెత్తి సంపాదించింది మొత్తం 17 గజాలే. ఆటను ఇంతగా చదివిన మనిషి నాలుగు సూపర్ బౌల్స్ గెలిచి, 1987లో అదే జట్టులో డిఫెన్సివ్ లైన్ కోచ్ అయ్యారు.

స్టీలర్స్ హెడ్ కోచ్ చక్ నోల్ 1991 సీజన్ ముగిశాక తప్పుకున్నప్పుడు ఆయన స్థానానికి గ్రీన్ పేరు కూడా పరిశీలనకు వచ్చింది కానీ, పదవి 34 ఏళ్ల బిల్ కౌహర్‌కు దక్కింది. కౌహర్ సమర్థుడు, 2006లో జట్టుకు సూపర్ బౌల్ సాధించిపెట్టారు కూడా, కనుక ఆ ఒక్క ఎంపికను నేను తప్పుపట్టను. నన్ను బాధిస్తున్నది ఆ తర్వాతి కథ. మయామీ, అరిజోనా జట్లలోనూ గ్రీన్ 2003 దాకా అసిస్టెంట్ కోచ్‌గానే ఉండిపోయారు. జట్ల యజమానులు హెడ్ కోచ్‌ను ఎక్కువగా కోఆర్డినేటర్లలోంచే, అంటే జట్టు దాడిని గానీ రక్షణను గానీ మొత్తంగా నడిపే కోచ్‌లలోంచే, వెతుక్కుంటారు. లైన్‌మెన్ చేతులూ అడుగులూ రోజంతా దిద్దే కోచ్ పనితనం వారి కంటికి ఆనదు.

అప్పటి స్టీలర్స్ అధిపతి డాన్ రూనీ పేరుతో 2003లో వచ్చిన నియమం ప్రకారం హెడ్ కోచ్ పదవికి మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసి తీరాలి. కోఆర్డినేటర్ పదవులకు దాన్ని వర్తింపజేసింది 2020లో, అంటే అసలు దారి మూసుకుపోతున్న చోటికి చేరడానికి 17 ఏళ్లు పట్టింది. ఇంటర్వ్యూ చేశామంటే సరిపోదు. లైన్ కోచ్‌లలో ఎవరిని కోఆర్డినేటర్ పదవికి పరిశీలించారో, ఏ కారణంతో కాదన్నారో ప్రతి జట్టూ ఏటా బహిరంగంగా చెప్పాలి. టెక్సస్‌లో మన తెలుగు పిల్లలు కూడా ఈ ఆట మధ్యనే పెరుగుతున్నారు కాబట్టి, ఏటా జనవరిలో నియామకాలు జరిగేటప్పుడు మీ క్రీడా పేజీ గెలిచిన జట్లతో పాటు ఈ విషయాన్నీ ప్రశ్నించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, డెంటన్, టెక్సస్