పిలుపు అందుకున్న జవానుకు రాష్ట్రమే బీమా కట్టాలి

సంపాదకులు గారికి,

టెరిటోరియల్ ఆర్మీలోని అధికారులను, జవాన్లను అవసరాన్ని బట్టి పూర్తిస్థాయి విధుల్లోకి పిలుచుకునే అధికారాన్ని సైన్యాధిపతికి అప్పగిస్తూ 2025 మే 6న కేంద్ర రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 దాకా అమల్లో ఉంటుంది. టెరిటోరియల్ ఆర్మీకి ఉన్న మొత్తం 32 పదాతి పటాలాల్లో 14 పటాలాలను సైన్యంలోని వివిధ కమాండ్ల (ప్రాంతీయ విభాగాల) పరిధిలో మోహరించేందుకు దీనివల్ల వీలు కలిగింది. ఆపరేషన్ సిందూర్ నాటి ఉద్రిక్తతలో ఆ వార్తను మనలో చాలామంది సరిహద్దు వార్తగానే చదివి ఉంటాం. అయితే ఆ పిలుపు అందుకునే వ్యక్తి మామూలు రోజుల్లో సేద్యమో, వ్యాపారమో, ఉద్యోగమో చేసుకుంటూ, శిక్షణకో అత్యవసర విధులకో రమ్మన్నప్పుడు మాత్రమే యూనిఫాం వేసుకునే సాధారణ పౌరుడు. అలా వెళ్లే తెలంగాణ బిడ్డకు, ఇంటి నుంచి బయలుదేరిన రోజు మొదలు తిరిగి ఇల్లు చేరే రోజు దాకా, ప్రీమియం మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించే జీవిత బీమా ఉండాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

ఇది మన రాష్ట్రానికి కొత్త ఆలోచన కాదు. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా రూ.5 లక్షలు నామినీ ఖాతాలో జమ అవుతాయి. మొదటి ఏడాది ఒక్కో రైతుకు రూ.2,271.50 చొప్పున ప్రీమియాన్ని ప్రభుత్వమే జీవిత బీమా సంస్థకు చెల్లించింది. 2022లో చేనేత కార్మికులకూ ఇదే పద్ధతిలో నేతన్న బీమా వచ్చింది. అయితే రైతు బీమా పట్టాదారు పాసుపుస్తకం వెంట నడిచే పథకం. మన దేవరకొండ తండాల్లోనైనా, పాలమూరు వలస పల్లెల్లోనైనా భూమి ఉంటే అది సాధారణంగా తండ్రి పేరిటే ఉంటుంది, చాలా ఇళ్లలో అదీ ఉండదు. కాబట్టి ఊళ్లో వ్యవసాయం చేసే తండ్రికి రాష్ట్రం కట్టే బీమా ఉండి, సరిహద్దుకు వెళ్లిన కొడుకుకు లేని పరిస్థితి మన కళ్లముందే ఉంది.

జవాను అమరుడైనప్పుడు ప్రభుత్వం ఆదుకోవడం లేదని నేను అనడం లేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణం పొందిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి ప్రభుత్వం రూ.5 కోట్లు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘటనలో అమరులైన మిగతా 19 మంది ఇతర రాష్ట్రాల వారైనా, ఒక్కో కుటుంబానికి రూ.10 లక్షలు ప్రకటించి గౌరవించింది. ఆ ఏడాది నవంబరులో కశ్మీరులోని మాచిల్ వద్ద అమరుడైన నిజామాబాద్ జిల్లా జవాను మహేశ్ కుటుంబానికి రూ.50 లక్షలు ప్రకటించింది. ఈ సాయాల్లో ఏ ఒక్కటీ ఎక్కువని నేను అనను, అనే అర్హత ఎవరికీ లేదు. కానీ అవన్నీ ఆయా సందర్భాల్లో ప్రభుత్వాధినేతలు తీసుకున్న నిర్ణయాలు. దేశమంతా చూస్తున్న ఘర్షణలో నేలకొరిగిన వీరుడి ఇంటికి ముఖ్యమంత్రి స్వయంగా వస్తారు. అదే ఒక జవాను మంచు కొండల మీద గుండె ఆగి చనిపోతే, కాన్వాయ్ వాహనం లోయలో పడి చనిపోతే, సెలవు మీద ఇంటికి వస్తూ రైలు ప్రమాదంలో చనిపోతే, ఆ కుటుంబం ఎమ్మెల్యే చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ వినతిపత్రం పట్టుకుని తిరగాల్సి వస్తుంది. బీమా ఉంటే ఆ తిరుగుడు ఉండదు, ఎందుకంటే అది ముందుగానే రాసుకున్న ఒప్పందం.

బీమా రంగంలో పనిచేసి రిటైరైనవాడిగా రెండు విషయాలు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మొదటిది, మరణ కారణం గురించిన తగవు. సైనిక పరిహారాల్లో యుద్ధంలో మరణానికి ఒక లెక్క, విధి నిర్వహణలో ప్రమాదానికి మరో లెక్క, విధులతో సంబంధం లేదనుకున్న మరణానికి ఇంకో లెక్క ఉంటాయి. ఏ మరణం ఏ లెక్కలోకి వస్తుందో తేలేదాకా కుటుంబం ఎదురుచూడాలి. జవాను సొంతంగా కట్టుకున్న పాలసీని నమ్ముకుందామన్నా, ప్రమాద మరణానికి అదనపు సొమ్మిచ్చే షరతుల్లో యుద్ధాన్ని మినహాయించడం బీమా సంస్థల్లో మామూలే. అందువల్ల రాష్ట్రం తెచ్చే పథకం రైతు బీమాలాగే కారణం అడగని పథకం కావాలి. రెండోది, నామినీ. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చకుండా వదిలేసిన పాలసీల వల్ల అత్తాకోడళ్లు కోర్టుకెక్కిన కేసులు నేను ఉద్యోగంలో ఉండగా చాలానే చూశాను. దుఃఖంలో ఉన్న ఇంటిని అవి ఏళ్ల తరబడి చీల్చేస్తాయి. పిలుపు అందిన ప్రతిసారీ, బయలుదేరకముందే, భార్యకెంత, తల్లిదండ్రులకెంత అన్నది జవాను చేతనే రాయించుకుని సైనిక సంక్షేమ కార్యాలయంలో భద్రపరిస్తే ఈ బాధ తప్పుతుంది.

పథకం టెరిటోరియల్ ఆర్మీ వారికే పరిమితం కానక్కర్లేదు. రిటైరయ్యాక రిజర్వులో ఉండి మళ్లీ పిలుపు అందుకునే మాజీ సైనికులకు, నాలుగేళ్ల సేవకు వెళ్లిన అగ్నివీరులకు కూడా వర్తించాలి. అగ్నివీరుల విషయంలో కేంద్రమే జవాను నుంచి చందా తీసుకోకుండా రూ.48 లక్షల బీమా కల్పించింది కాబట్టి, ప్రీమియం ప్రభుత్వం భరించాలన్న సూత్రం ఇప్పటికే ఆమోదం పొందినట్టే. కేంద్రం ఇచ్చేది ఎటూ ఇస్తుంది, దానికి అదనంగా రాష్ట్రం తన వంతు చేయాలి. అమెరికాలో ఇలాగే జరిగింది. అక్కడ సైనికుల సామూహిక బీమా కేంద్ర ప్రభుత్వ పథకమే అయినా, సభ్యులు ప్రీమియం కట్టాలి. 2005లో న్యూ మెక్సికో రాష్ట్రం విధుల్లోకి వెళ్లిన తన నేషనల్ గార్డు (మన టెరిటోరియల్ ఆర్మీలా పిలిచినప్పుడు విధులకు వెళ్లే బలగం) సభ్యుల ప్రీమియాన్ని తానే భరించింది. అది మన తెలంగాణ కన్నా ఎంతో తక్కువ జనాభా ఉన్న రాష్ట్రం.

ఖర్చుకు భయపడనక్కర్లేదు. రైతు బీమాలో లబ్ధిదారులు లక్షల్లో ఉన్నారు. ఈ జాబితా దానిలో చిన్న భాగం కూడా కాదు. మహేశ్ కుటుంబానికి ప్రకటించిన రూ.50 లక్షలనే ప్రమాణంగా తీసుకుని, ప్రతి జవానుకూ అంత మొత్తానికి సామూహిక పాలసీ తీసుకోవచ్చు. రైతు బీమాలో పది రోజుల్లోగా సొమ్ము అందాలన్న గడువు ఉన్నట్టే దీనికీ ఉండాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా వచ్చే బడ్జెట్ సమావేశాల్లో దీన్ని ప్రస్తావించాలని, ఈలోగా ప్రస్తుతం విధుల్లో ఉన్న తెలంగాణ జవాన్ల జాబితాను, వారి నామినీల వివరాలను సైనిక సంక్షేమ శాఖ సిద్ధం చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బీమా ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా