గ్రంథాలయం గాలిమర: జమా ఖర్చుల వివరణ

అంతర్వేది దగ్గర మన ఊరి గ్రంథాలయం వెనుక నిలబెట్టిన గాలిమరకు మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన బాధ్యత కమిటీపై ఉంది. 41 మంది రాయించిన మొత్తం రూ. 48,500 కాగా, చేతికి అందినది రూ. 42,300. అడిగిన రోజునే ఇచ్చిన వారికి, ముఖ్యంగా కొబ్బరి దింపు డబ్బులోంచి తీసి ఇచ్చిన రైతులకు, మా కృతజ్ఞతలు.

400 వాట్ల జనరేటర్, రెక్కలు రూ. 16,500, స్తంభం, స్టే వైర్లు రూ. 7,400, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ రూ. 13,200; తీగలు, ఫ్యూజులు రూ. 1,900. 1996 నవంబరు తుపాను చూసిన ఊరు కనుక, హెచ్చరిక రాగానే స్తంభాన్ని పడుకోబెట్టేందుకు అడుగున మడతబందు పెట్టించాము.

ఇక ఛార్జ్ కంట్రోలర్, అంటే బ్యాటరీ అతిగా నిండకుండా చూసే బోర్డు సంగతి. దీన్ని రెండుసార్లు చేయించవలసి వచ్చిన మాట నిజం. మొదటి బోర్డుకు రూ. 1,850 అయింది. అందులో మేము ఎంచుకున్న ఐఆర్‌ఎఫ్ 540 మాస్‌ఫెట్ (కరెంటును వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్చి) పూర్తిగా తెరుచుకోవడానికి దాన్ని నడిపే కాలికి, అంటే గేటుకు, 10 వోల్టులు కావాలి, బోర్డును నడిపే చిప్పు అయిన మైక్రోకంట్రోలర్ ఇచ్చేది 5 మాత్రమే. సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ వేడెక్కి, షార్టయి, మిగులు కరెంటు కోసం పెట్టిన కారు హెడ్‌లైట్ బల్బులు రాత్రంతా వెలుగుతూనే ఉండిపోయాయి. తెల్లవారి చూస్తే బోర్డు మీద బొటనవేలంత నల్లమచ్చ, బ్యాటరీలో 10.5 వోల్టులు. ఈ తప్పు మాదే. 5 వోల్టులకే తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్ 44 ఎన్ రకం రెండు తెప్పించేసరికి మూడు వారాలు పట్టింది. రెండో బోర్డు రూ. 2,300. ఇది బ్యాటరీ వోల్టేజిని నాలుగో వంతుకు తగ్గించి 1,024 మెట్లలో కొలుస్తుంది, అంటే 0.02 వోల్టు తేడా కూడా దీనికి తెలుస్తుంది.

"కరెంటు కోసం చందా ఇస్తే రెసిస్టర్లలో కాలుస్తారేమిటి" అని అడిగిన వారికి సమాధానం చెప్పాలి. రెసిస్టర్లంటే మిగులు కరెంటును వేడిగా మార్చి ఖర్చు చేసేవి; ఆ హెడ్‌లైట్ బల్బుల పని ఇప్పుడు ఇవే చేస్తున్నాయి. సోలార్ పలక అయితే బ్యాటరీ నిండగానే తీగ విడదీస్తే చాలు. గాలిమరకు ఆ వీలు లేదు. లోడు తీసేస్తే రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయి, వోల్టేజి ఎగబాకుతుంది, చివరకు రెక్కలే విరుగుతాయి. అందుకే 14.4 వోల్టులు దాటగానే కరెంటు రెసిస్టర్ల వైపు మళ్లి, 13.6కు దిగాక ఆగుతుంది. నాలుగు ఓములవి, ఒక్కొక్కటి వంద వాట్లవి, ఎనిమిది సమాంతరంగా కలిపాము. ఒక్కోదానిపై పడేది 52 వాట్లే కనుక కాలిపోవు. పెట్టె, ఫ్యానుతో కలిపి రూ. 2,650 అయింది. ఇది వృథా ఖర్చు కాదు, రూ. 16,500 జనరేటర్‌కు కాపలా.

మొత్తం ఖర్చు రూ. 45,800. తక్కువపడిన రూ. 3,500 కోశాధికారి గారు సొంతంగా సర్దారు. వారిని ఇంకా నిరీక్షింపజేయడం మాకు కష్టంగా ఉంది. రాయించి ఇవ్వని ఐదుగురి నుంచి రూ. 6,200 రావాలి. ఇంటికి రెండుసార్లు వచ్చాము, మూడోసారి రప్పించవద్దని మనవి. ఆ సొమ్ము అందితే అప్పు తీరి, మిగిలే రూ. 2,700తో ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టకుండా పూత, బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొంటాము. రసీదులన్నీ గ్రంథాలయం బీరువాలో ఉన్నాయి; ఎవరైనా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వచ్చి చూసుకోవచ్చు.