నాన్నగారికి, పాత ఫోర్డు కారు సంగతి

లాస్ ఏంజెలెస్,
ఆదివారం రాత్రి.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. ఆఫీసు పని మామూలుగా సాగుతోంది. దాని గురించి రాయవలసినదేమీ లేదు. నేను తుక్కు కారు కొన్నానని తెలిసి మీరు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని అక్క చెప్పింది. నా చేతికి గ్రీజు అంటకూడదనే మీరు పాతికేళ్ళు మీ చేతులు నల్లబరచుకున్నారని నాకు తెలుసు. ఫోనులో చెప్పబోతే సగంలోనే అమ్మకు ఇచ్చేస్తారని, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కారు 1950 నాటి ఫోర్డు. ఇక్కడ గిరాకీ అంతా రెండు తలుపుల వాటికే. ఇది నాలుగు తలుపులది, పైగా ఇంజను ఆగిపోయి ఉన్నది కాబట్టి 3,500 డాలర్లకు వచ్చింది. అప్పు చేయలేదు. ఇంటికి పంపే డబ్బులో ఒక్క డాలరు కూడా తగ్గదు, ఈ మాట అమ్మకు కూడా చెప్పండి. ఇంజనును చూస్తే మీరే ముచ్చటపడతారు: 239 ఘనపుటంగుళాల వి-8, 100 అశ్వశక్తి, వాల్వులు హెడ్డులో కాక బ్లాకులోనే ఉంటాయి. పొగ బయటికి పోయే దారులు బ్లాకులోని నీటి గదులను ఒరుసుకుంటూ పోవడం వల్ల నీరు తొందరగా కాగుతుందట.

బండి ఉన్నది ఎదురింటి పెద్దాయన షెడ్డులో. శనివారం ఉదయం నుంచి చీకటి పడే వరకు నేను అక్కడే ఉంటాను. ఆయన 1956లో, పదహారేళ్ళ వయసులో, పెట్రోలు బంకులో సాయంత్రాలు పనిచేస్తూ ఇలాంటి కారునే సొంతంగా తీర్చిదిద్దుకున్నారు. ఆ ఏడాది ఈ దేశంలో కనీస వేతనం గంటకు 1 డాలరు. ఏ కారుకైనా, ఏ రంగైనా 29 డాలర్ల 95 సెంట్లకు వేస్తామని ఎర్ల్ షైబ్ అనే కార్ల రంగుల షాపులవారు ప్రకటించుకున్న చవక రంగు కూడా ముప్పై గంటల చాకిరీ అన్నమాట. అందుకే కుర్రాళ్ళు రంగును చివరికి వదిలేసి, నెలల తరబడి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీదే తిరిగేవారు. ఈనాడు కావాలని ప్రైమర్ రంగు వేయించుకుని మురిసిపోయేవారిని చూస్తే ఆయనకు నవ్వు, నాకు ఆశ్చర్యం.

ఈ ఊళ్ళోనే శామ్ బారిస్ అనే పనివాడు 1949 మెర్క్యురీ కారు పైకప్పును కోసి కిందికి దించి పేరు తెచ్చుకున్నాడు. అంత పని చేయించుకునే తాహతు బంకు కుర్రాళ్ళకు ఎక్కడిది? వాళ్ళ పని బానెట్ మీది బొమ్మను, డిక్కీ మీది అక్షరాలను పీకేసి, ఆ రంధ్రాలను పూడ్చి, బండిని నున్నగా చేయడంతో మొదలయ్యేది. తుక్కు కార్ల దొడ్డిలో వేరే కంపెనీ బండి చక్రాల మూతలో, వెనుక దీపాలో దొరికితే బేరమాడి తెచ్చి బిగించేవారు.

ఆ రంధ్రాలు పూడ్చే పనే నాకు ప్రాణమైపోయింది. పుట్టీ ఇంకా ఇంటింటికీ రాని రోజులు కనుక అప్పుడు వాడింది సీసం. డెబ్బై పాళ్ళ సీసం, ముప్పై పాళ్ళ తగరం కలిసిన కడ్డీ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెట్టి, 250 దాటితే గాని పూర్తిగా కరగదు. ఈ రెండింటి నడుమ అది వెన్నముద్దలా ఉన్నంతసేపే చెక్క బద్దతో సర్దాలి. బద్ద అంటుకోకుండా మైనం రాయాలి. ముందు రేకును తళతళలాడేలా తోమి కళాయి పూయకపోతే సీసం పట్టదు. బానెట్ ఊడదీసి బల్ల మీద పెట్టుకుని, మొదటి రంధ్రానికి నాలుగుసార్లు వేడి చేసి నాలుగుసార్లూ నేల మీద కార్చాను. ఐదోసారి నిలిచింది. ఆ క్షణాన మీరు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

సీసం విషమని అమ్మ కంగారు పడుతుందని తెలుసు. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దితే పొడి గాలిలో కలుస్తుంది కనుక ఆకురాయితోనే అరగదీస్తాను. ముఖానికి మాస్కు ఉంటుంది, షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, బట్టలు విడిగా ఉతుకుతాను.

బండి ఎత్తు తగ్గించి నేలకు దించుతానా అని బావగారు ఎగతాళి చేశారట. కొద్దిగా దించుతాను. అప్పట్లో డబ్బులేనివారు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునేవారు. మరికొందరు స్ప్రింగును గ్యాస్ మంటతో కాల్చి కుంగదీసేవారు. అలా కాలిస్తే ఉక్కు పదును పోతుందని మీకు నేను చెప్పాలా? వెనుక కమాన్ కట్టలకు, ఇరుసుకు నడుమ దిమ్మలు పెట్టడమే నా పద్ధతి. చక్రపు రిమ్ముల అడుగు అంచు కంటే బండి భాగమేదీ కిందికి వచ్చేలా మార్చకూడదని ఈ రాష్ట్రంలో 1950ల చివరి నుంచి చట్టమే ఉన్నది. ఆ హద్దు దాటను, కాబట్టి పోలీసుల బెంగ వద్దు. 1975కూ అంతకు ముందరి బండ్లకూ ఇక్కడ పొగ పరీక్ష కూడా లేదు.

అసలు ఆలస్యమంతా బ్రేకుల దగ్గరే. ఈ కారులో నాలుగు చక్రాలకూ ఒకే నూనె దారి. ఒక్కచోట కారితే అన్నీ పోతాయి. ఇక్కడి కార్లకు 1967లో గాని రెండు దారుల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకు నూనెను నెట్టే భాగం) మామూలు కాలేదు. నేను దానినే తెప్పించాను, సీటు బెల్టులు కూడా తెప్పించాను. అవి బిగించే వరకు బండి షెడ్డు గడప దాటదు. నేను అజాగ్రత్తగా ఉన్నానని మాత్రం దయచేసి అనకండి.

మీరు చదివించిన చదువు వృథా పోలేదు నాన్నగారూ. వారమంతా తెర ముందు కూర్చున్న చేతులకు శనివారం ఒక పని కావాలి, మాట్లాడేందుకు ఒక మనిషి కావాలి, అంతే. ఆయన పానా పట్టుకునే తీరు కూడా అచ్చం మీదే.

ఎడమ వెనుక చక్రం బ్రేకు డ్రమ్ము తుప్పుతో పట్టేసి మూడు వారాలుగా రావడం లేదు. పెద్దాయన తన పద్ధతి చెప్పారు గాని, కొట్టితే అంచు పగులుతుందని నాకు భయంగా ఉన్నది. మీరు షెడ్డులో అలాంటి డ్రమ్ములను పగలకుండా ఎలా ఊడదీసేవారో, ఎక్కడ కొట్టేవారో, వీలైతే బొమ్మ వేసి వివరంగా రాయండి. వచ్చే శనివారం దాని జోలికి పోకుండా మీ జాబు కోసం చూస్తాను.

అమ్మకు నమస్కారములు.

ఇట్లు,
మీ అబ్బాయి