కోలారు బంగారు గనుల చరిత్ర పరిరక్షణ: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

నిబంధనావళి ప్రకారం గడచిన సంవత్సరపు కార్యక్రమాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీరెరిగినవే కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఏడు మనమందరం గర్వంగా చెప్పుకోదగినది, గనుల ప్రాంతానికి వెళ్లే బంగారపేట–మారికుప్పం రైలు మార్గం చరిత్రపై జరిపిన ప్రదర్శన. లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వాన్ని తవ్వకాలకు అనుమతి కోరిన నాటి నుంచి, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ గనుల సంస్థ రాక, ఆ తర్వాత బంగారం కోసం కంపెనీలు పోటీపడి దిగడం వరకు మొదటి వరుస పటాలలో చూపించాం. మద్రాసు–బెంగళూరు రైలు 1864 నుంచే బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారపేట, మీదుగా నడుస్తున్నా, అక్కడ దించిన బరువైన యంత్రాలను గనుల దాకా ఎద్దుబండ్ల మీద తోలుకుపోవలసి వచ్చేది. మైసూరు సంస్థానం వేయించిన సుమారు 16 కిలోమీటర్ల ఈ శాఖా మార్గం 1894లో మొదలయ్యాకనే ఆ అవస్థ తీరింది. కోరమాండల్, ఊర్గాం, చాంపియన్ అనే స్టేషన్ల పేర్లన్నీ గనుల పేర్లే కావడం చూసి, రోజూ ఆ రైలెక్కే పిల్లలు కూడా ఆశ్చర్యపోయారు. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద గనులకు కరెంటు వచ్చిన ఘట్టానికి ప్రత్యేకంగా ఒక గోడ కేటాయించాం.

ఒక సభ్యురాలు తమ తండ్రిగారు గనిలోకి దిగేటప్పుడు వాడిన ఇత్తడి బిళ్లను ప్రదర్శనకు ఇచ్చారు. దాని మీద నంబరే తప్ప పేరు లేదు. బొటనవేలు ఆనే చోట అంచు అరిగి నున్నబడింది. షిఫ్టు ముగిశాక బిళ్ల తిరిగి రాకపోతే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క అని ఒక పెద్దాయన వివరిస్తుంటే, చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల వారు చాలాసేపు అక్కడినుంచి కదలలేదు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లిందని పుస్తకాల్లో చదవడం వేరు, ఆ లోతున రాయి పగిలి మీదపడిన రోజులను చూసినవారి నోట వినడం వేరు.

ఈ ప్రదర్శనను స్టేషన్ ఆవరణలోనే జరపాలని కోరుకున్నాం. అనుమతి ఇవ్వవలసిన కార్యాలయంలో మన అర్జీ ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరిగిందే గాని జవాబు రాలేదు. చివరికి కల్యాణ మంటపంలో జరుపుకోవలసి వచ్చింది. అలాగే, వృద్ధ కార్మికుల జ్ఞాపకాలను రికార్డు చేసే పనికి పేర్లిచ్చిన యువ సభ్యులలో అత్యధికులు ఆ రోజులకు రాలేదని బాధతో తెలియజేస్తున్నాను. ఆ పెద్దలు మనకోసం ఏళ్ల తరబడి వేచి ఉండలేరు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో జతపరిచాం. కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. పాత చందాలు బాకీ ఉన్నవారు దయచేసి చెల్లించగలరు.

ఇంటి ఆల్బముల నుంచి ఫోటోలు ఇచ్చిన కుటుంబాలకు, మంటపం అద్దెలో రాయితీ ఇచ్చిన యాజమాన్యానికి, పటాలకు చట్రాలు కట్టిన వడ్రంగి సోదరులకు, కన్నడ, తమిళ వివరణలు రాసిచ్చిన మిత్రులకు, కుర్చీలు మోయడం దగ్గర నుంచి భోజనాల వడ్డన దాకా అంతా తామై నిలిచిన మహిళా సభ్యులకు, రిటైరైన కార్మికులకు సంఘం పక్షాన హృదయపూర్వక కృతజ్ఞతలు.

2001 ఫిబ్రవరి 28న, ఈ గనులను నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక కార్మికుల పిల్లలు బెంగళూరులో పనులకు వెళ్లి రావడానికి ఆధారమైంది ఈ రైలే. మన కుప్పం దగ్గరి బిసానత్తం, చిగరగుంట గనులు కూడా అదే సంస్థవి కావడం వల్ల, వచ్చే ఏడు అక్కడి కార్మికుల జ్ఞాపకాలను సైతం సేకరించాలని కార్యవర్గం నిర్ణయించింది. మారికుప్పం–కుప్పం కొత్త లైను పూర్తయ్యేలోగా పాత స్టేషన్ కట్టడాలన్నిటినీ ఫోటోలు తీసి భద్రపరచడం, ప్రతి స్టేషన్‌లో చరిత్ర ఫలకం పెట్టించమని మళ్లీ అర్జీ ఇవ్వడం మిగిలిన పనులు. వీటికి ముందుకు వచ్చే సభ్యులు సమావేశం రోజునే పేర్లు నమోదు చేసుకోవాలని కోరుతూ, ఈ నివేదికను మీ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి