బడి గుళ్లలోని పాత సామగ్రిని కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

మంగళూరు లైట్‌హౌస్ హిల్ మీద ఉన్న పునీత అలోషియస్ కళాశాల ప్రార్థనాలయం గురించి రాసేవారు దాన్ని గోడల మీది, పైకప్పు మీది బొమ్మలకు పేరుపడ్డ వాటికన్‌లోని సిస్టీన్ ప్రార్థనాలయంతో పోల్చి ఊరుకుంటారు. చాలా ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, రెండుసార్లు పిల్లలను అక్కడికి తీసుకెళ్లిన నాకు ఆ పోలిక చాలదనిపిస్తుంది. అది చదువుకునే పిల్లల కోసం కట్టిన గుడి. అందులోని బొమ్మలు కూడా వారిని మనసులో పెట్టుకొని వేసినవే.

యేసుసభ (జెసూయిట్) గురువులు 1880లో ఆ కళాశాలను, తరువాత నాలుగేళ్లకు ఈ ప్రార్థనాలయాన్ని నెలకొల్పారు. 1899లో ఇటలీలోని బెర్గమో ప్రాంతానికి చెందిన బ్రదర్ ఆంటోనియో మోస్కేని కుంచె పట్టి, సుమారు రెండున్నరేళ్లలో గోడలనూ పైకప్పునూ బొమ్మలతో నింపారు. గోడల మీద తడి సున్నపు పూత ఆరేలోగా రంగు వేయాలి. ఆరాక దిద్దడం చాలా కష్టం. పైకప్పుకు మాత్రం గుడ్డ మీద తైలవర్ణాలు వాడారు. అక్కడ కనిపించేది పునీత అలోషియస్ గొంజాగా జీవితం: తండ్రి సంస్థానానికి వారసుడై ఉండి దాన్ని వదులుకోవడం, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తొలిసారి స్వీకరించడం, రోములో ప్లేగు రోగులకు సేవ చేయడం. ఆ సేవలోనే జబ్బుపడి 1591లో ఆయన 23 ఏళ్లకే కన్నుమూశాడు. తోరణాల మీది పూలదండలను చూసి మా ఏడో తరగతి కుర్రాడొకడు "చెక్కినవా మాస్టారూ, అతికించినవా?" అని అడిగాడు. అవి వట్టి రంగులేనని, వెలుగు ఒకవైపు నుంచి పడుతున్నట్లు నీడలు దిద్దారని వాడికి నమ్మకం కలిగించడానికి పది నిమిషాలు పట్టింది. మోస్కేని ఇటలీకి తిరిగి వెళ్లలేదు. 1905 నవంబరులో కొచ్చిలో మరణించారు.

మంగళూరు వానలకు, తేమకు ఆ బొమ్మలు దెబ్బతిన్నప్పుడు, పైన కొత్త రంగు పూసి సరిపెట్టుకోకుండా, 1991 నుంచి 1994 వరకు వారసత్వ సంపదను కాపాడే సంస్థ ఇంటాక్ లక్నో కేంద్రం నిపుణులతో ఓపికగా బాగుచేయించారు. మా ఊళ్లో అలా జరగలేదు. నేను ఈ లేఖ రాయడానికి కారణం అదే. నేను చదువుకున్న బడికి, ఊరి విచారణకు (అంటే ఊరి కతోలిక సంఘానికి) ఒకటే గుడి. అక్కడ మరమ్మతుల పేరుతో బలిపీఠం ముందున్న టేకు కమ్మీని, పాపసంకీర్తన పీఠాన్ని (గురువు ముందు పాపాలు ఒప్పుకునే చోటును) ఊడదీసి, గోడలకు ఎనామిల్ పెయింటు వేసి, నేలకు మెరిసే టైల్స్ పరిచారు. ఆ కమ్మీ పైభాగం, తరతరాల చేతులు ఆనిన చోట, అద్దంలా నునుపు తేలి ఉండేది. అలాంటి కొయ్యను మళ్లీ ఏ వడ్రంగీ చేయలేడు. సున్నపు గోడకు ఎనామిల్ పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పూత పెచ్చులుగా రాలిపోతుందని కూడా ఎవరూ ఆలోచించలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని మేత్రాసనాలు (బిషప్పుల పాలనలోని ప్రాంతాలు), కతోలిక బడుల యాజమాన్యాలు పాత గుళ్లలోని గంటలు, స్వరూపాలు, బల్లలు, జ్ఞానస్నాన తొట్లు, సత్ప్రసాద మందసాలను (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలను) ఫోటోలతో సహా పట్టికగా నమోదు చేయించాలని, నిపుణుల సలహా లేకుండా దేన్నీ తొలగించకూడదని కోరుతున్నాను. మా గుడి కమ్మీ ముక్కలు రెండు ఇప్పటికీ బడి వెనుక షెడ్డులో చెదపురుగులకు దగ్గరగా పడి ఉన్నాయి. మా ఊరి పట్టికలో మొదటి వరుస వాటికే కేటాయించాలి.

— విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా