దుస్తులు, మేకప్ విషయమై సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. మన సినిమాకు దుస్తులన్నీ కొత్తవి కొనే స్తోమత లేదు కనుక, మీ ఇళ్లలో పెద్దలు వాడిన పాత పంచెలు, మంగళగిరి నేత చీరలు ఉంటే శనివారంలోగా తెచ్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. తక్కువ పడిన వాటికి బట్టల మార్కెట్ వస్త్రలతలో గుడ్డ తీసుకుని కుట్టిద్దాం.

తళతళలాడే తెలుపు మన బెజవాడ ఎండలో కెమెరాకు మరీ మెరిసిపోయి నేత, మడతలు ఏవీ కనబడవు. అందుచేత తెల్లని నూలు బట్టలను చిక్కని టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఆరేసి, మోచేతుల దగ్గర, అంచుల దగ్గర గరుకు కాగితంతో రుద్దితే ఏళ్ల తరబడి కట్టినట్లు కనిపిస్తాయి. పాలియెస్టర్‌కు ఈ రంగు సరిగా పట్టదు. సన్నగీతల చొక్కాలు మాత్రం దయచేసి తేవద్దు, తెరమీద ఆ గీతలు అలల్లా కదులుతాయి.

గాయం సన్నివేశానికి ఒకే రకం చొక్కాలు కనీసం మూడు కావాలి, ఎందుకంటే రెండో టేకుకు, అంటే అదే సన్నివేశాన్ని మళ్లీ తీయడానికి, మరక లేని చొక్కా ఉండాలి. నెత్తుటికి కార్న్ సిరప్‌లో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి కలిపితే చాలు. (నేను చేసిన మొదటి సీసా చీమలపాలైంది, మూత బిగించండి.)

మీసాలు అతికించే స్పిరిట్ గమ్‌ను ముందురోజే ముంజేతిపై కొద్దిగా రాసి చూసుకోండి. దురద పుడితే ఆ నటుడు సొంత మీసమే పెంచుకోవాలి. ఉక్కకు మేకప్ కారిపోకుండా పలుచగా వేసి, చెమటను తుడవకుండా టిష్యూతో అద్ది, ఆపైన పౌడరు వేయాలి. ప్రతి షాట్ తర్వాత ముఖాన్నీ, దుస్తులనూ ఫోటో తీసి ఈ గ్రూపులోనే పెట్టగలరు.